చవక రాయికి ఇంత సాన ఎందుకు?

నా చేతి ఉంగరం చూసిన తెలుగువాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతయింది? ఏ గ్రహానికి? ఇది అగేటు అనే చారల రాయి, కంకరలో ఏరుకొచ్చి నేనే కోసి సానబట్టుకున్నాను, ఏ గ్రహానికీ కాదు అని చెప్పగానే అవతలివాళ్ళ మొహంలో ఉత్సాహం సగానికి పడిపోతుంది. మర్యాదస్తులు అక్కడితో వదిలేస్తారు. చనువున్నవాళ్ళు మాత్రం ఇంకో మాట అంటారు: "హకీకు రాళ్ళేగా ఇవి? చార్మినార్ దగ్గర వందకీ రెండొందలకీ ఇస్తాడు. దీనికోసం శనాదివారాలు తగలేసుకోవడం ఎందుకమ్మా?"

ఆ మాట దగ్గరే నాకు పేచీ. సరదా అండీ అని నవ్వేసి తప్పించుకోవచ్చు, చాలాసార్లు అదే చేస్తాను కూడా. కానీ నిజంగా జవాబు చెప్పాలంటే నా వాదన ఇదీ: ఆ వంద రూపాయలు ఆ రాయి ఖరీదు కాదు. ఖరీదులో పెద్ద భాగం అప్పటికే ఇంకెవరో కట్టేశారు, డబ్బుతో కాదు, ఊపిరితిత్తులతో. ఒక్క రాయినైనా మొదటినుంచి చివరిదాకా మన చేత్తో మనం సానబడితే తప్ప ఈ సంగతి బుర్రకెక్కదు. చదివితే తెలుస్తుంది, నిజమే. తెలియడం వేరు, ఎక్కడం వేరు.

రాయి సంగతి ముందు చెబుతాను.

మేముండేది మినియాపొలిస్ దగ్గర. ఇక్కడివాళ్ళకి అగేట్లు ఏరడం ఒక వెర్రి. లేక్ సుపీరియర్ అగేటును మినెసోటా 1969లో తమ రాష్ట్ర రత్నంగా ప్రకటించుకుంది. ఉత్తరాన మూస్ లేక్ అనే చిన్న ఊళ్ళో ఏటా వేసవిలో ఒకరోజు నడివీధిలో కంకర పోసి, అందులో అగేట్లూ పావలా డాలర్ నాణేలూ కలిపి, జనాన్ని దాని మీదకి వదులుతారు. తాతలూ మనవలూ ఒకే వరసలో మోకాళ్ళ మీద పడి ఏరుకుంటారు. నాణేలు పక్కకి తోసేసి రాళ్ళు జేబులో వేసుకునే పెద్దమనుషుల్ని చూడాలంటే అక్కడికి వెళ్ళాలి.

సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట ఈ ఖండం నడిబొడ్డున నేల చీలి లావా పొంగింది. అది గట్టిపడేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువు బుడగలు ఖాళీ గదుల్లా మిగిలిపోయాయి. తరవాత నేలలోని నీళ్ళు సిలికాను (ఇసుకలో ఉండే పదార్థాన్ని) కరిగించి మోసుకొచ్చి, ఆ ఖాళీల గోడలకి పొర మీద పొర పేర్చాయి. ఆ పొరలే మనకి కనిపించే చారలు. ఎరుపంతా ఇనుము తుప్పు. పొరలు అంత శ్రద్ధగా, వెంట్రుక కంటే సన్నంగా ఎలా పడ్డాయన్న దాని మీద భూగర్భ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. మంచుయుగంలో హిమానీనదాలు ఆ బసాల్టు (లావా గట్టిపడిన నల్లరాయి) కొండల్ని గీరి దక్షిణానికి ఈడ్చుకొచ్చాయి. దారిలో బసాల్టు పిండైపోయింది, దాని కడుపులోని అగేటు మిగిలింది. అందుకే ఇక్కడ పార్కింగ్ లాట్ అంచున పరిచిన కంకరలో కూడా దొరుకుతుంది.

ఈ కథంతా మా మామగారికి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయనది రాజమహేంద్రవరం పక్కన కాతేరు. "మా ఊరి క్వారీలో తీసేదీ ఆ నల్లరాయేనమ్మా" అన్నారు. నిజమే. 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ మీద పొంగిన లావా మహారాష్ట్రని దాదాపు కప్పేసింది. దాని అంచులు వికారాబాద్ వైపూ ఆదిలాబాద్ వైపూ మన దగ్గరికి వస్తాయి, ఆ రాయి చివికే అక్కడ నల్లరేగడి అయింది. అంత దూరాన, విడిగా, గోదావరికి ఇటు కాతేరు దగ్గర, అటు పంగిడి దగ్గర అదే కాలపు లావా తునకలు చిన్నవి కనిపిస్తాయి. గోదావరి త్ర్యంబకంలోనూ కృష్ణ మహాబళేశ్వరంలోనూ పుట్టి, రెండూ వందల కిలోమీటర్లు ఆ లావా మీదుగానే నడిచొస్తాయి. వస్తూ వస్తూ బుడగల్లోని రాళ్ళని దొర్లించుకొస్తాయి.

మన తరం పిల్లలందరం ఆ రాళ్ళతో ఆడుకున్నవాళ్ళమే. ఎక్కడ ఇల్లు కడుతున్నా ఇసుక జల్లెడ పట్టగా మిగిలిన గులకరాళ్ళ కుప్ప ఒకటి ఉండేది. అందులో తేనెరంగువి, ఎర్రచారలవి, లోపల పాలు పోసినట్టున్నవి ఏరి గౌను జేబులో దాచుకునేవాళ్ళం. దుప్పటి ముసుగు కింద రెండు తెల్ల పలుగురాళ్ళు రాకితే లోపల మసక వెలుగు వచ్చేది, కాలిన వాసన వేసేది. ఆ వయసులో ఎవరం ధర అడగలేదు. రాయి అంటే ధర, లేదంటే దశ అన్న లెక్క ఎప్పుడు పట్టుకుందో గానీ, పట్టుకున్నాక మాత్రం వదల్లేదు. నవరత్నాల తొమ్మిది పేర్లు గడగడా చెప్పగలిగిన మనకి ఇంటి ముందు ఇసుకలో ఏముందో తెలియదు.

ఇక పని. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను, ఎందుకంటే నా వాదనంతా ఈ పనిలోనే ఉంది.

క్యాబ్, అంటే క్యాబొషాన్, కింద చదునుగా, పైన గుమ్మటంలా ఉండే రాయి. వజ్రానికి చెక్కినట్టు ముఖాలు ఉండవు. లోపలి బొమ్మ కనపడాల్సిన రాళ్ళకి ఇదే సరైన కోత. మొదట రాయిని రంపం మీద ఐదారు మిల్లీమీటర్ల మందం బిళ్ళలుగా కోస్తాం. రంపానికి పళ్ళుండవు, అంచుకి వజ్రపు పొడి అతికించి ఉంటుంది, అది కోయదు, అరగదీస్తుంది. ఏ వైపు నుంచి కోయాలన్నదే మొదటి జూదం. చారలకి అడ్డంగా కోస్తే కోట గోడల్లా ఒకదాని లోపల ఒకటి మెలికలు తిరిగిన గీతలు బయటపడతాయి. చారల వెంబడి కోస్తే అదే రాయి మురికి పట్టిన గాజుముక్కలా ఉంటుంది. పైపొర మీద సూదిగుంటలు, పెచ్చు ఊడిన చోట మైనంలాంటి మెరుపు, ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచులో ఎర్రటి కాంతి. ఇవి చూసి ఊహించుకోవడమే, గ్యారంటీ ఏమీ లేదు.

బిళ్ళని తడిపి, కాంతికి పట్టి, ఏ భాగం ఉంచుకోవాలో చూస్తాం. అల్యూమినియం కడ్డీతో గీత గీస్తాం, మామూలు పెన్సిల్ గీత నీళ్ళకి నిలవదు. గీతకి బయట ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి చిన్న రంపం మీద కత్తిరిస్తాం. రాయిని పట్టుకునేందుకు వాడే డాప్ కర్ర కొసకి మైనం కరిగించి, రాయిని కూడా వెచ్చబెట్టి అతికిస్తాం. రాయి చల్లగా ఉంటే మైనం పట్టదు, సగం పనిలో ఊడి చక్రాల కిందికి పోతుంది. మన కంసాలి లక్క వాడే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. పనయ్యాక ఫ్రీజర్లో పెడితే టప్పున ఊడొస్తుంది.

అక్కణ్ణుంచి చక్రాలు. మా రాళ్ళ క్లబ్బులో ఉన్న యంత్రానికి ఆరు చక్రాలు వరసగా ఉంటాయి: 80, 220, 280, 600, 1200, 3000. అంకె పెరిగే కొద్దీ వజ్రపు రవ్వ సన్నబడుతుంది. మొదటి రెండూ గట్టి లోహపు చక్రాలు, మిగతావి మెత్తగా రాయి ఒంపుకి లొంగేవి. ప్రతి చక్రం మీదా నీళ్ళు పడుతూనే ఉండాలి. 80 మీద ఆకారం వస్తుంది. పక్క అంచుకి ఒక గీత గీసుకుని, దానికి పైభాగాన్ని ముందు ఏటవాలుగా, తరవాత ఇంకా వాలుగా, మెట్లు మెట్లుగా తీసి, ఆ మెట్ల అంచుల్ని గుండ్రం చేస్తాం. చెయ్యి ఆగకూడదు. అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు రాయి అన్ని వైపులా తిరుగుతూనే ఉండాలి. ఒక్క క్షణం ఒకచోట నిలిపితే అక్కడ చదును పడుతుంది. కంటికి కనపడదు. ట్యూబులైటు కింద పట్టి చూస్తే రాయి మీద పడిన లైటు గీత అక్కడ వంకర తిరుగుతుంది.

అసలు పరీక్ష 220 దగ్గర మొదలవుతుంది. 80 వేసిన గీతల్ని 220 పూర్తిగా తుడిచేయాలి. తుడిచిందో లేదో తడి రాయి చెప్పదు, ఎందుకంటే నీళ్ళు గీతల్ని నింపి కప్పేస్తాయి. తడి రాయి ఎప్పుడూ అందంగానే ఉంటుంది. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, దీపం కింద భూతద్దంతో చూడాలి. అప్పుడు బయటపడుతుంది, గుమ్మటం నెత్తిన ఒకే ఒక్క తెల్లటి గీత. దాన్ని పట్టించుకోకుండా 600కి పోతే చుట్టూ ఉన్నదంతా నునుపెక్కి ఆ గీత ఇంకా స్పష్టమవుతుంది. 3000 దాకా పోయి అద్దంలా మెరిసిపోయాక, మెరుపు మధ్యలో అదే గీత నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. అప్పుడు మళ్ళీ 220కి దిగాల్సిందే. ఆరు చక్రాల పనిలో మధ్యలో ఎక్కడా అప్పు పెట్టడానికి వీల్లేదు.

చివర సీరియం ఆక్సైడు, మెరుపు పెట్టే పొడి. తేమగా ఉన్న తోలు మీద దాని పేస్టు రాసి రాయిని నొక్కుతాం. తోలు మరీ తడిగా ఉన్నంతసేపూ ఏమీ జరగదు. ఆరడం మొదలై, తోలు రాయిని పట్టి లాగుతున్నట్టు చేతికి తగిలే ఆ కొద్దిసేపట్లో మెరుపు వస్తుంది. అంతకంటే ఆగితే వేడెక్కి రాయి బీటలిస్తుంది. కాబట్టి నొక్కడం, తీయడం, పెదవికి తాకించి వేడి చూసుకోవడం, మళ్ళీ నొక్కడం.

ఇంత చేస్తే ఒక రాయి అవుతుంది. చేయి తిరిగినవాళ్ళకి ఒక పూట, కొత్తవాళ్ళకి వారాంతం. అగేటు కాఠిన్యం మో కొలమానంలో పదికి ఆరున్నర నుంచి ఏడు, మామూలు చాకు దాని మీద గీత పెట్టలేదు. అది అరగడానికి ఒప్పుకునే వేగం ఒకటుంటుంది, దాన్ని దాటి తొందరపెట్టలేం. యంత్రాలు పెట్టి వందలకొద్దీ చేసినా ప్రతి రాయీ ఈ మెట్లన్నీ ఎక్కాల్సిందే. ఈ లెక్క చేతికి తెలిశాక, వంద రూపాయల హకీకు ఉంగరాన్ని మళ్ళీ చూడండి. రాయి తవ్వినవాడు, మోసినవాడు, కోసినవాడు, సానబట్టినవాడు, వెండి రేకు బిగించినవాడు, దళారి, దుకాణం అద్దె. అన్నీ వందలోనే ఇమిడాయి. ఎలా ఇమిడాయి?

దానికి జవాబు గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఉంది.

భరూచ్ జిల్లా రతన్‌పోర్ దగ్గర గనుల్లో తీసిన అగేటు ఖంభాత్‌కి చేరి పూసలుగా, ఉంగరం రాళ్ళుగా మారడం కొన్ని వేల ఏళ్ళ వ్యవహారం. సింధు నాగరికత కాలంలోనే అక్కడికి దగ్గర్లోని లోథల్‌లో పూసల కార్ఖానా ఉండేది. ఆ గనుల గుట్ట మీద బాబా ఘోర్ దర్గా ఉంది, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల పీరు ఆయన, అగేటు పనివాళ్ళకి ఇలవేల్పు లాంటివాడు. ఈ వ్యాపారంలో మనకీ పాత వాటా ఉంది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టిన ఎర్రసముద్రపు పెరిప్లస్ అనే ఓడ వర్తకపు పుస్తకంలో, పైఠాన్ నుంచి బండ్ల మీద బరిగజకు, అంటే ఇప్పటి భరూచ్‌కి, అగేటు జాతి రాళ్ళు విస్తారంగా వచ్చేవని ఉంది. పైఠాన్ అంటే శాతవాహనుల ప్రతిష్ఠానం, గోదావరి ఒడ్డు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లోనూ ఈ జాతి పూసలు బయటపడ్డాయి. ఆ పూసలకి పట్టిన మెరుపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వజ్రపు చక్రాలు లేని కాలంలో కురువిందం అనే గట్టి ఖనిజం పొడి, లక్క, కొయ్య, చేతి బలం, ఇవే సాధనాలు.

ఖంభాత్ పనివాళ్ళ నేర్పు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేలలో ఏటవాలుగా పాతిన ఇనుప మేకు మొనకి రాయిని ఆనించి, రెండో వైపు నుంచి గేదె కొమ్ముతో చేసిన సుత్తితో తడతారు. పెచ్చు సుత్తి తగిలిన వైపు కాదు, మేకు ఆనిన వైపు ఊడుతుంది. ఎక్కడ ఎంత ఊడాలో వేళ్ళకి తెలుసు. పసుపు గోధుమరంగు రాళ్ళని ఎండబెట్టి, కుండల్లో పెట్టి నెమ్మదిగా కాలిస్తే లోపలి ఇనుము మారి ఎర్రబడతాయి. ఇదంతా నిజంగా గొప్ప విద్య, పరిశోధకులు వచ్చి ఏళ్ళ తరబడి చూసి రాసుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళలో తరచూ వెనక్కి పోయే సంగతి ఒకటుంది. ఆ తరవాతి మెట్టు, సాన.

ఇళ్ళ దగ్గర, మోటారుకి బిగించిన ఎమరీ చక్రం మీద, పొడిగా అరగదీస్తారు. అగేటు దాదాపు మొత్తం సిలికాయే. చక్రం నుంచి లేచే పిండిలో కంటికి కనపడేది పెద్ద ప్రమాదం కాదు, ముక్కులోనే ఆగిపోతుంది. కనపడనిదే ఊపిరితిత్తి అడుగుదాకా దిగుతుంది. అక్కడ శరీరం దాన్ని తినలేదు, బయటికి పంపలేదు. చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. సిలికోసిస్ అంటారు. మందు లేదు. పని మానేసినా ముదరొచ్చు. పైగా క్షయ తేలిగ్గా అంటుకుంటుంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఖంభాత్ అగేటు పనివాళ్ళ మీద చాలాకాలంగా పరిశోధనలు చేసింది, జబ్బు ఉన్నదన్న దాని మీద ఎవరికీ అనుమానం లేదు. ఇల్లే కార్ఖానా కాబట్టి సాన తిప్పేవాడే కాదు, పక్కగదిలో వంట చేసే ఆడమనిషీ, పాకే పిల్లవాడూ అదే గాలి పీలుస్తారు.

వందలో ఇమడడం అంటే ఇదీ. నీళ్ళు పెడితే చక్రం మీద బురద, తుడవడం, చూడడం, ఆలస్యం. పొడిగా చేస్తే గీత అక్కడికక్కడే కనిపిస్తుంది, చెయ్యి ఆగక్కర్లేదు. కూలి రాయి లెక్కన కాబట్టి ఆగితే కడుపు మాడుతుంది. నేను క్లబ్బులో కుర్చీ వేసుకుని, చక్రం మీద నీళ్ళు, మొహానికి మాస్కు, రాయి ఆరేదాకా కాఫీ తాగుతూ తీరిగ్గా చేసే పనినే ఖంభాత్ పనివాడు ఊపిరి పణంపెట్టి వేగంగా చేస్తున్నాడు. ఈ రెండు పనుల మధ్య తేడాయే ఆ ధరలో నాకు దొరికిన తగ్గింపు.

దీనికి మా తమ్ముడు ఒక గట్టి ప్రశ్న వేశాడు. "అక్కా, నువ్వు ఇంట్లో కోసుకుంటే వాళ్ళకేం ఒరిగింది? కొనేవాళ్ళు తగ్గితే ఉన్న కూలి కూడా పోతుందిగా" అని. నా వాదనలో బలహీనమైన చోటు అదే, దాన్ని కప్పిపుచ్చను. నేను కోసుకునే నాలుగు రాళ్ళతో ఖంభాత్‌లో ఏదీ మారదు. కొనొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు, నేనూ పూసల దండలు కొంటూనే ఉంటాను. నేను చెప్పేది కొనేవాడి కన్ను గురించి. రాయి సానబట్టిన మనిషి హకీకు దండ దగ్గర బేరం ఆడలేడు. "ఇది తడి సాన మీద చేసిందా, పొడి సాన మీదా?" అని అడుగుతాడు. దుకాణదారుకి జవాబు తెలియదు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు. చక్రం మీద నీటి ధార, దుమ్ము లాగే గొట్టం, ఇవేవీ బ్రహ్మవిద్య కాదు. వాటికయ్యే ఖర్చు ధరలో కనిపిస్తే ఒప్పుకునే కొనుగోలుదారు లేకపోవడమే లోటు. ప్రభుత్వాలు చట్టాలు చేయాలి, నిజమే, కానీ పని ఇళ్ళలో జరిగేటప్పుడు ఇన్‌స్పెక్టరు ఏ గుమ్మం తట్టాలి?

ఇంకో మాట కూడా మావాడే అన్నాడు: ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని. ఒప్పుకుంటాను. ఆ ఆరు చక్రాల యంత్రం సొంతంగా కొనాలంటే చిన్న ఖర్చు కాదు. నాకున్న తీరిక నా ఉద్యోగం ఇచ్చిందే. కానీ తీరిక ఉన్నవాళ్ళు ఆ తీరికని ఎక్కడ పెడతారన్నది చిన్న విషయం కాదనుకుంటాను.

దుమ్ము సంగతి ఖంభాత్‌కే పరిమితం అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌లో వంటగది గట్టు వేసేటప్పుడు చూడండి. బాల్కనీలో గ్రానైట్ పలక, చేతిలో కటింగ్ మెషిన్, మూతికి జేబురుమాలు. పలక కోసిన రెండు నిమిషాలూ మనిషి కనపడడు. ఇంటివాళ్ళు తలుపులేసుకుని లోపల కూర్చుంటారు, సోఫా మీద దుమ్ము పడుతుందని. గ్రానైట్‌లో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్, అంటే సిలికాయే. ఇప్పుడు ఫ్యాషనైన కృత్రిమ క్వార్ట్జ్ కౌంటర్లలోనైతే తొంభై శాతం పైన సిలికా ఉన్నవి మామూలే. అవి కోసిన కుర్రాళ్ళు ముప్ఫైల్లోనే ఊపిరితిత్తులు పోగొట్టుకుంటుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని ఏకంగా నిషేధించింది. అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాములు మించి ఊపిరితిత్తుల్లోకి దిగే ఈ సన్నని సిలికా దుమ్ము ఉండకూడదు. ఉప్పు రవ్వ ఒక్కటే దాదాపు అంత బరువు తూగుతుంది. ఇవన్నీ చదువుకున్న మనమే ఇక్కడ వంటిల్లు మార్పించుకునేటప్పుడు రంగు చూస్తాం, ధర చూస్తాం. ఎక్కడ కోస్తారు, ఎలా కోస్తారు అని అడిగినవాళ్ళని నేను చాలా తక్కువమందినే చూశాను.

అన్నిటికంటే నాకు మండేది వీడియోలు. ఒకడు మామూలు యాంగిల్ గ్రైండర్‌కి డిస్కు తగిలించి, చొక్కా లేకుండా, మాస్కు లేకుండా, వరండాలో కూర్చుని నది రాయిని పొడిగా అరగదీసి "చూశారా ఎంత తేలికో" అంటాడు. మెరుపు వచ్చిన రాయిని కెమెరా ముందు తిప్పుతాడు, వెనక గాల్లో తెల్లటి తెర ఇంకా తేలుతూనే ఉంటుంది. లక్షల మంది చూస్తారు. ఆ తెల్లటి తెరే అసలు వీడియో. పొట్ట కోసం చేసేవాడికి కనీసం గతిలేదన్న కారణం ఉంది, సరదాకి చేసేవాడికి ఏముంది?

బజారు క్యాబ్‌ల గురించి ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను, ఇది కొంచెం తక్కువ గంభీరమైనది. గులాబీ, నీలం, చిలకపచ్చ అగేట్లు మీరు చూసి ఉంటే దాదాపు అన్నీ రంగేసినవే. అగేటు గట్టిదే గానీ లోపల అతి సన్నని రంధ్రాలుంటాయి, రంగు పీలుస్తుంది. నల్ల ఓనిక్స్ అని అమ్మేదాన్ని పంచదార పాకంలో నానబెట్టి, తరవాత సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తారు, లోపలి పంచదార బొగ్గవుతుంది. జర్మనీలోని ఈడార్-ఓబర్‌స్టైన్ ఊరివాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ విద్యలో ఆరితేరారు. సొంత గనులు వట్టిపోతే, వలస వెళ్ళిన తమవాళ్ళు దక్షిణ బ్రెజిల్‌లో కనిపెట్టిన బూడిదరంగు అగేటును ఓడల్లో తెప్పించుకుని రంగులద్దారు. వాళ్ళూ ఏరు తిప్పే పెద్ద ఇసుకరాతి చక్రాల ముందు బోర్లా పడుకుని రాయి నొక్కినవాళ్ళే. రంగేయడం మోసమని అననుగానీ, బజారు రాళ్ళన్నీ 18×13, 25×18, 30×22 మిల్లీమీటర్ల కొలతల్లోనే ఉండడం మాత్రం నాకు నచ్చదు. బిగించే చట్రాల కోసం ఆ కొలతలు. బిళ్ళకి ఎన్ని వస్తే అన్ని తీస్తారు, చారల మెలిక సరిగ్గా మధ్యలో తెగినా ఎవరికీ పట్టదు. మన రాయి మనం కోసుకుంటే వంకరగానైనా ఆ మెలిక మొత్తం ఉంచుకోవచ్చు. నా ఉంగరంలో రాయి గుడ్డులాగా లేదు, కొంచెం బెండకాయ గింజలా ఉంది, ఎందుకంటే ఎర్ర చార అక్కడ ఆగింది.

ఇది చదివి ఎవరికైనా చెయ్యి దురద పుడితే యంత్రం అక్కర్లేదు. గోదావరి ఇసుకలోనో వికారాబాద్ చేలగట్ల మీదో దొరికిన చిన్న రాయి చాలు, ఇప్పటికే పగిలి లోపలి చార కనిపిస్తున్నదైతే మరీ మంచిది. హార్డ్‌వేర్ దుకాణంలో నల్ల వాటర్ పేపర్ అడగండి: 120, 220, 400, 600, 1000, 2000. సిలికాన్ కార్బైడు అగేటు కంటే గట్టిది, కాబట్టి చేత్తోనూ అరుగుతుంది. పాత గాజుపలక మీద కాగితం పరిచి, నీళ్ళు పోసి రుద్దండి, ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. మొదటి కాగితం దగ్గరే చాలా సాయంత్రాలు పోతాయి, టీవీ చూస్తూ చేసుకోవచ్చు. సీరియం ఆక్సైడు గాజు పాలిష్ చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, తోలు లేకపోతే పాత జీన్స్ ముక్క పనికొస్తుంది. పనయ్యాక గాజు మీద మిగిలిన తెల్లటి బురదని సింకులో పోయకండి, గొట్టంలో సిమెంటులా గడ్డకడుతుంది. ఎండనివ్వకండి కూడా, ఎండితే అది మళ్ళీ ఆ దుమ్మే. తడిగా ఉండగానే పాత న్యూస్‌పేపర్‌తో తుడిచి, కవర్లో వేసి, మూతి కట్టి చెత్తబుట్టలో పడేయండి.